ఇరవై రెండు అక్షరాల విషం

"ఆవిడ మార్చి దాకా బతకాలి. అంతే నీ పని," అన్నాడు చీఫ్ మావ్రోస్.

గ్రీసులో థెస్సలోనికి రేవు దగ్గర ఒక బేకరీ మీద ఉన్న రెండు గదులే గూఢచారి సర్వీసుకి హెడ్డాఫీసు. కింద నుంచి పొద్దస్తమానం వెన్న వాసన వస్తుంది. ఆ వాసనలో ఎంత ఘోరం చెప్పినా సగం నమ్మబుద్ధి కాదు. ఈ ఉదయం మాత్రం ఏజెంటు ఆర్సెనిస్ పూర్తిగా నమ్మాడు.

ఆవిడంటే పొలిక్సేని. ముప్పై ఏళ్ళు సర్వీసుని ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఆర్సెనిస్‌కి పిస్టల్ పట్టడం, తడబడకుండా అబద్ధమాడటం నేర్పింది ఆవిడే. కన్నతల్లి పోయినప్పుడు కూడా అతను ఆవిడ భుజం మీదే ఏడ్చాడు. ఇప్పుడు ఆవిడకి క్లోమంలో కేన్సర్. "దర్జీ" అనే విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసి బతికి బయటపడింది ఆవిడొక్కతే. మార్చిలో కోర్టులో వాడి ఆనవాళ్ళు చెప్పాల్సింది ఆవిడే.

మావ్రోస్ కాగితం చూసి గొణుగుతూ చదివాడు. "మన కణాల్లో బుల్లి బుల్లి ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయట. ప్రొటీన్ గీటిన్ తయారుచేయవు. ఇరవై రెండు అక్షరాల పొడుగు, అంతే. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే జన్యువుల నోరు మూయించేవి అవేనట. కొన్ని కణితికి బ్రేకు. కొన్ని ఆ బ్రేకునే పీకేస్తాయి. ఆవిడకి ఇవాళ పదకొండింటికి ఎక్కించేది బ్రేకు. దర్జీ మనుషులు రెండోరకం తయారుచేశారు. అదే సీసా, అదే లేబుల్, అదే నీళ్ళ రంగు."

"అది ఎక్కితే?"

"మూడు వారాల్లో కణితి ఒళ్ళంతా పాకుతుంది. కేన్సర్ మనిషి కేన్సర్‌తో పోతే పోస్ట్‌మార్టం ఎవడడుగుతాడు?"

ఆర్సెనిస్ కుర్చీలోంచి లేచాడు.

"ఇవాళ్టికి ఆపేద్దాం సార్."

"అసలు మందు ఉన్నది ఒకే ఒక్క సీసా. ఇంకోటి చేయాలంటే ఆరు వారాలు. ఆవిడకి అంత టైము లేదు. అయినా కంగారుపడకు, ఇసిడోరా మన మనిషే."

డాక్టర్ ఇసిడోరా పదేళ్ళుగా ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేస్తోంది. ఈ మందు ప్రయోగం ఆమె చేతిమీదే జరుగుతోంది. ముఠాలో చేరినట్టు నటిస్తూ సర్వీసుకి కబుర్లు చేరవేస్తోంది. నకిలీ సీసా ముఠా ఆమెకే ఇచ్చింది.

"తొమ్మిదిన్నరకి నీకు అప్పగిస్తుంది. మూత తీయకు, చేత్తో ముట్టకు, అది కోర్టులో సాక్ష్యం. చెమట తగిలినా, ఉమ్ము తగిలినా ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుందట. తర్వాత వార్డుకి పోయి అసలు మందు ఎక్కేదాకా పక్కనే నిలబడు. కొత్త వార్డు కదా, పాదిరి వచ్చి మంత్రజలం చల్లాలి. ఆ పాదిరివి నువ్వే."

నల్ల అంగీ, ఇత్తడి చెంబు, నీళ్ళు చల్లడానికి రుద్రజడ రెమ్మ. పెట్టుడు గడ్డంలో మైకు, చెవిలో ఇయర్‌ఫోను. ఆ గడ్డం దురద ఆ దేవుడికే తెలియాలి.

రేవు ఒడ్డున కాఫీ హోటల్లో మూలబల్ల దగ్గర ఇసిడోరా కూర్చుని ఉంది. ఎర్ర కోటు, ఎర్ర గోళ్ళు. హోటల్లో మగవాళ్ళందరూ పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు.

"ఇవాళ వర్దారిస్ గాలి లేదు," అన్నాడు ఆర్సెనిస్.

"మధ్యాహ్నం లేస్తుంది, టోపీ పట్టుకోండి ఫాదర్." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వుతూ సంచీలోంచి బుల్లి సీసా తీసింది. మూత తిప్పి అతని ముక్కు దగ్గర పెట్టింది. "చూడు, వాసన కూడా లేదు. ఎంత బుద్ధిమంతురాలైన హంతకురాలో!" మళ్ళీ మూత బిగించి అతని చెంబు పక్కన పెట్టింది. "అసలు మందు వార్డులో ఉంది. హాయిగా ప్రార్థన చేసుకో."

పదిన్నరకి అతను వార్డు చేరాడు. ఒకప్పుడు అది ఎక్స్‌రే గది, గోడల నిండా సీసం. గడప దాటగానే సిగ్నల్ అందక చెవిలో మావ్రోస్ గొంతు ఠక్కున ఆగిపోయింది.

హెడ్ నర్సు మరీగో ఎదురొచ్చింది. లెస్బోస్ దీవి మనిషి, అరవైకి దగ్గర. బల్లమీద ఆమె మనవరాలి ఫొటో ఉంది.

"ఎంత ముద్దుగా ఉందమ్మా పాప!" అన్నాడు ఆర్సెనిస్ మర్యాదకి.

మరీగో ముఖం మాడిపోయింది. మాస్కు కిందికి లాగి ఫొటో మీద ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ అని ముమ్మారు ఉమ్మింది. ఉత్తుత్తిగా కాదు, తడితడిగా. "నీలికళ్ళవాళ్ళు మెచ్చుకుంటే దిష్టి ఊరికే పోదు ఫాదర్! పాదిరి మెచ్చుకోలు ఇంకా పవర్."

"మాస్కులోనే ఉమ్మొచ్చుగా సిస్టర్?"

"మాస్కులో ఉమ్మితే నాకు తగులుతుంది, దిష్టికెలా తగులుతుంది?"

మంచం మీద పొలిక్సేని పకపకా నవ్వబోయి దగ్గింది. మనిషి సగమైపోయింది. కళ్ళు మాత్రం పాత కళ్ళే. "గడ్డం వంకరగా ఉందిరా, వెధవా," అంది పెదాలు కదలకుండా. అతను గడ్డం సర్దుకున్నాడు.

అతను మందు ట్రే వైపు రెండడుగులు వేశాడో లేదో మరీగో అడ్డం పడింది. "అటు వెళ్ళకండి! డాక్టరమ్మ చంపేస్తుంది. గ్లౌజుల్లేకుండా సీసా దరిదాపులకి రానివ్వదు. మొన్న ఒకమ్మాయి ఉత్త చేత్తో మూత ముట్టిందని ఉద్యోగం పీకేసింది."

ఆర్సెనిస్ ఆగిపోయాడు.

ఉత్త చేత్తో. కాఫీ హోటల్లో ఎర్ర గోళ్ళు మూత తిప్పాయి. కోర్టుకి పోవాల్సిన సాక్ష్యాన్ని పదేళ్ళ అనుభవం ఉన్న మనిషి అలా ముట్టుకుంటుందా? పాడవడానికి అందులో ఏమైనా ఉంటే కదా! తనకిచ్చిన సీసాలో ఉన్నవి మంచినీళ్ళు. విషం ట్రేలో ఉంది.

వెనక తలుపు మూసుకుంది. సెక్యూరిటీ దుస్తుల్లో ఉన్న ఇద్దరు దర్జీ మనుషులు ఆసరా ఇస్తున్నట్టు చెరో భుజం పట్టుకున్నారు. ఇసిడోరా దగ్గరికొచ్చి అతని డొక్కకి పెన్ను ఆనించింది. పెన్ను కొసన సూది.

"ముఖం చూస్తే తెలిసిపోయింది నీకు అర్థమైందని," అంది చెవిలో. "అసలు మందు నా సంచీలో ఉంది, సాయంత్రం విమానం ఎక్కుతుంది. ఒక్క మాట అడ్డం వచ్చిందా, నువ్వు గుండెపోటుతో పోయిన పాదిరివి. ప్రార్థన చదువు. అంతవరకే."

పదకొండుకి రెండు నిమిషాలు. మరీగో గ్లౌజులు మార్చుకుని సీసా మూత తీసింది. పొలిక్సేని చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది. దర్జీ ముఖం గుర్తున్న ఒకే ఒక్క తల ఆ దిండు మీద ఉంది. అరిస్తే సూది దిగుతుంది, ఎవరికీ ఏమీ అర్థం కాకుండానే విషమూ ఎక్కుతుంది. తిట్టడానికి లేదు, హెచ్చరించడానికి లేదు. పాదిరి అనదగ్గ మాటే అనాలి.

సిరంజి సూది సీసా మూతి దాకా వచ్చింది.

"సిస్టర్!" అన్నాడు గొంతు నిండా భక్తి నింపుకుని. నీలికళ్ళు ఇంతింత చేసి సీసానే చూస్తూ, "ఎంత ముచ్చటైన మందమ్మా! ముత్యపు చుక్క! ఇంత అందమైన మందు నా జన్మలో చూడలేదు!"

"అయ్యో, అయ్యో, నా తల్లే!" మరీగో మాస్కు లాగేసింది. తెరిచిన సీసాలోకి వంగి ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ!

వార్డు కొయ్యబారిపోయింది. మరుక్షణం మరీగోకే తను చేసింది తెలిసొచ్చి నెత్తి కొట్టుకుంది. "పాడైపోయింది! నా చేతులు పడిపోను!"

"పారబొయ్యి! సింకులో పారబొయ్యి!" ఇసిడోరా గొంతు కీచుమంది.

"పారబొయ్యడమేంటి డాక్టరమ్మా? రూలు రాసింది మీరేగా. పాడైన మందుకి సీలేసి టెస్టుకి పంపాలి." మరీగో సీసాని రొమ్ముకి అదుముకుంది. టెస్టుకి పోతే, ముక్కలైనా సరే, లోపలున్నది బ్రేకు కాదని తేలిపోతుంది. ఇసిడోరా పెన్ను సంగతి మర్చిపోయి సీసా మీదికి దూకింది.

డొక్క మీంచి సూది తొలగింది. ఆర్సెనిస్ భుజాలు విదిలించుకున్నాడు. ఇత్తడి చెంబు ఇసిడోరా మణికట్టు మీద దిగింది. మంత్రజలం అందరి మీదా పడింది. పెన్ను ఎగిరి సెక్యూరిటీవాడి పిక్కలో గుచ్చుకుంది. వాడు కూలిపోవడం చూసి రెండోవాడు చేతులెత్తేశాడు. పొలిక్సేని మంచం పక్కనున్న అలారం నొక్కింది. తీరిగ్గా, బెల్లు కొట్టి కాఫీ తెప్పించుకునేంత తీరిగ్గా.

ఇసిడోరా సంచీలో లిప్‌స్టిక్ డబ్బా దొరికింది. లోపల పొగలు కక్కే చల్లదనం, అందులో అసలు సీసా, వేసిన సీలు వేసినట్టే ఉంది.

సంకెళ్ళు పడ్డాక ఇసిడోరా వెనక్కి తిరిగింది. "దర్జీ బయటే ఉన్నాడు. ఇరవై రెండు అక్షరాలు రాయడం ఎంతసేపు?" పొలిక్సేని దుప్పటి సర్దుకుంది.

పదకొండూ నలభైకి మరీగో అసలు సీసా ట్రేలో పెట్టింది. మాస్కు ముక్కు పైదాకా లాగి, దానిమీద ఇంకోటి కట్టుకుంది. ఆ తర్వాత ఆర్సెనిస్ రెక్క పట్టుకుని వరండాలోకి తోసింది.

"నోరు మూసుకుని ఇక్కడే నిలబడు నాయనా. ఇటు చూశావంటే కళ్ళు పీకేస్తాను."

లోపల సూది దిగుతున్నంతసేపూ సర్వీసులో నంబర్ వన్ ఏజెంటు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఆ గోడని కూడా బాగుందని అనలేదు.