రాణిగారి గదిలో పిలుపు తాడు

ఆ మ్యూజియంలో రాణిగారి పడకగదికి మంచి పేరు లేదు. ఒకప్పుడది రాజమహలు. చూడొచ్చినవాళ్ళు వెళ్ళిపోయి తలుపులు మూశాక, ఆ గదిలో ఎవరో నడుస్తున్న చప్పుడు వస్తుందని అక్కడ పనిచేసేవాళ్ళు చెప్పుకుంటారు. గోడ పక్కనుంచి కాదు... గోడలోంచే!

మా మేనమామ అక్కడ రాత్రి కాపలాకి చేరాడు. ఆయన దెయ్యాల్ని నమ్మడు. ఆ మాటకొస్తే మనుషుల్నీ నమ్మడు, తన నీడనే నమ్మడు. ఆ గదిలో వెండి పెట్టె పోయిందని ముందున్న కాపలావాణ్ణి తీసేశారు. ఏ గొడవా లేకుండా ఆ నెల గడిస్తే మావయ్య ఉద్యోగం పర్మినెంటు. అందుకే రాత్రంతా ఆ గదిలోనే కూర్చునేవాడు. కింద పెడితే చీమలు పడతాయని, క్యారియర్ సంచీని మంచం పక్కన వేలాడే పాత పట్టుతాడుకి తగిలించేవాడు.

మొదటి రాత్రే వినిపించింది. గోడలో అడుగులు... మెల్లగా వచ్చి, మంచం తలవైపు ఆగిపోయాయి. తిరిగి వెళ్ళిన చప్పుడు మాత్రం లేదు. ఆ తర్వాత రోజూ అంతే.

"పగటి డ్యూటీవాడే! నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాడు" అనుకున్నాడు. సున్నం అంటుకుందేమోనని వాడి చెప్పులు తిరగేసి చూశాడు. ఊడ్చే ఆవిణ్ణి అనుమానించాడు. పెద్దాఫీసర్నీ వదల్లేదు.

ఒక సాయంత్రం గోడలు కొలవడానికొచ్చిన ఇంజనీరు ఆ సంచీ చూసి గతుక్కుమన్నాడు.

"అదేంటండీ, పిలుపు తాడుకి తగిలించారు?"

"పిలుపు తాడా?"

"ఇవి జంట గోడలండీ. మధ్యలో మనిషి పట్టేంత దారి ఉంటుంది. పనివాళ్ళు కంటపడకూడదని రాజులు అలా కట్టించుకున్నారు. రాణిగారు తాడు లాగితే, దాసి ఆ దారిలో వచ్చి మంచం తలవైపు నిలబడాలి. వెళ్ళమనేదాకా కదలకూడదు."

మావయ్య ఆ తాడుని కిందికి లాగుతున్న తన సంచీకేసి చూశాడు. ఇన్నాళ్ళూ పిలుస్తున్నది తనే!

ఇంజనీరు వెళ్ళిపోయాడు. గదిలో వెలుగు తగ్గింది... అడుగులు వచ్చాయి... ఆగాయి.

మావయ్య గోడ దగ్గరికెళ్ళాడు. "పొరపాటున పిలిచానమ్మా... ఇంక వెళ్ళిపో" అన్నాడు గుసగుసగా.

జవాబొచ్చింది — ఒక గొంతు కాదు, బోలెడన్ని ఆడగొంతులు, గోడ పొడవునా...

"ఎటు వెళ్ళమంటారు బాబూ? దారి చివర తలుపుకి ఇటుకలు పెట్టి కట్టేశారుగా..."

ఎవర్నీ నమ్మని మనిషి ఆ గొంతుల్ని నమ్మాడు. ఆ గోడ పగలగొట్టించమని తెల్లారగానే పెద్దాఫీసరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. మతి చెడినవాడికి కాపలా అప్పగించలేమని ఆయన ఆ పూటే పంపించేశాడు.

ఉద్యోగం పోయినందుకు మావయ్య ఒక్కరోజు కూడా బాధపడలేదు. "పిలిచింది నేనురా. వాళ్ళనక్కడే నిలబెట్టి నేనొక్కణ్ణీ బయటికొచ్చేశాను" అని మాత్రం ఇప్పటికీ ఏడుస్తాడు.