ఈశ్వరయ్య ఇంటి గోల్డ్ డిస్క్

హుస్సేనీ ఆలంల ఈశ్వరయ్య ఇల్లు అంటే ఆటోవాళ్ళు గల్లీ మొదట్లనే దింపేస్తరు. పదకొండేండ్ల నుంచి తాళం. అయినా దీపాలు పెట్టే యాళ్లకు లోపటి నుంచి ఆడమనిషి కూనిరాగం... పాట కాదు, పాడబోయి ఆగినట్టు. నేనైతే వినలే. వినాలని షోకు కూడ లేదు. లాల్‌దర్వాజల ఫొటో ఫ్రేముల దుకాణం నాది, నా పనేందో నేనేందో.

కానీ ఆనందరావన్నకు ఆ ఇంట్లనే పని పడ్డది.

అన్న రైల్వేల చేసి రిటైరయిండు. మనిషికి ఒకటే పిచ్చి — గోల్డ్ డిస్కులు. పాతరోజుల్ల పాట మస్తు అమ్ముడుపోతే, కంపెనీవాళ్ళు ఒక రికార్డుకు బంగారు పూత పూసి, అద్దం కట్టి, పాడినోళ్ళకు ఇచ్చేటోళ్ళు గద, అవి. ముప్పై ఏండ్లు జుమ్మెరాత్ బజార్ నుంచి బొంబాయి దాక తిరిగి జమచేసిండు. వాటి ఫ్రేములన్నీ నేనే బాగుచేసిన. "ఏం జేసుకుంటవే అన్నా ఇన్ని పళ్ళాలు?" అంటే నవ్వి ఊకునేటోడు.

పోయిన నెల నోరు విప్పిండు. పూత పూసేటందుకు, నడుమ అంటించిన చీటీ మీద ఏ పాట పేరున్నదో ఆ రికార్డే వాడాలని లేదంట. అమ్మకుండ పక్కన పడేసినవి ఏది చేతికొస్తే దానికే పూసేటోళ్ళంట.

"మా రాహేలు రికార్డు గట్లనే పోయింది తమ్మీ," అన్నడు.

రాహేలు వదిన ఆయన భార్య. పెండ్లయిన ఏడాదే ఒక రికార్డు పాడిందంట. హోటళ్లల్ల, బజార్లల్ల నా పెండ్లాం గొంతు మోగుడేందని, ఈయనే కంపెనీ మేనేజర్ ఈశ్వరయ్య దగ్గరికి పోయి, కాయితం మీద సంతకం పెట్టి, ఆ రికార్డు అమ్మకుండ ఆపించిండు.  ఆ దినం నుంచి వదిన మళ్ళ పాడలే... చర్చిల సుత. నాలుగేండ్లకు బిడ్డ రూప పుడితే, ఆ పిల్లకు జోలపాట సుత లేదు.

"దొరికితే ఆమె చేతుల పెట్టి, తప్పయిందని చెప్దామనుకున్న. ఆమె ఆగలే," అన్నడు. పోయినేడు వదిన చచ్చిపోయింది. "ఇంట్ల ఆమె పాట ఒక్క ముక్క లేదు తమ్మీ. ఒక్కసారి వింటే చాలు." ముసలోడు నా దుకాణంల కూసొని ఏడ్చిండు. నాకు మస్తు బాధయింది, కోపం కూడ వచ్చింది.

ఈశ్వరయ్య మనుమడు వరుణ్ ఆ ఇల్లు అమ్ముతున్నడు. "హాల్ల గోడకు ఒక గోల్డ్ డిస్క్ ఉన్నది అంకుల్, మీరే తెచ్చుకోండి. నేను మాత్రం లోపటికి రాను," అని తాళంచెవి ఇచ్చిండంట.

లోపట జరిగింది అన్న చెప్పిందే. తలుపు తీయంగనే కూనిరాగం... హాల్ల నుంచి. ఫోన్ లైట్ పట్టుకొని పోయిండు. గోడ మీద పసుపు పచ్చగ డిస్కు. అద్దం మీద చెయ్యి పెట్టంగనే — రాగం బందయింది.

"ఎవరో నా మొఖం చూసి నోరు మూసుకున్నట్టే ఉండె తమ్మీ..."

సీదా నా దుకాణానికే వచ్చిండు, చంకల డిస్కు, చేతిల రికార్డ్ ప్లేయర్. షట్టర్ సగం దించి, ఫ్రేము వెనక మొలలు పీకిన. చీటీ పక్కన, పూత కింద, గీకిన నంబర్ కనిపించింది. అన్న జేబులకెళ్ళి పాత కాయితం తీసిండు, తను సంతకం పెట్టిందే. దాని మీద వదిన రికార్డుకు అదే నంబర్.

అన్న డిస్కును ప్లేయర్ మీద పెట్టిండు.

"పూత మీద ముల్లు ఒక్కసారే నడుస్తది. తర్వాత అంతా ఊడిపోతది," అన్నడు.

"అన్నా, వద్దే... తెలిసినోళ్ళకు చూపిద్దాం, జర ఆగు!"

ఆగలే. ముల్లు పెట్టిండు.

గర్... గర్... గర్...

తర్వాత ఒక ఆడ గొంతు. గుసగుసగ, భయం భయంగ —

"రూప డాడీ... ఇప్పుడు పాడొచ్చునా?"

అన్న నోరు తెరిచిండు. 'పాడు' అనే ఒక్క మాట గొంతుల అడ్డంబడ్డది. ముల్లు కింద బంగారం పొట్టు లేస్తనే ఉన్నది... గర్... గర్... చివరి దాక గంతే. పాట లేదు.

పాపం, ఏదన్న ఒకటి చెప్పాలె గద అని, "రికార్డింగ్‌ల పాడే ముందు నిన్ను అడిగినట్టున్నది అన్నా. ఆ మాటే ఎక్కింది, ఫికర్ చెయ్యకు," అన్న.

అన్న నా దిక్కు చూసిండు. మనిషి మొఖంల నెత్తురు లేదు.

"అప్పటికి రూప పుట్టనే లేదు తమ్మీ."

ఆటోవాళ్ళు ఇప్పుడు కూడ గల్లీ మొదట్లనే దింపుతున్నరు. ఇంట్ల కూనిరాగం అయితే మళ్ళ వినిపించలే. దీపాలు పెట్టే యాళ్లకు మెట్ల మీద ఒక ముసలోడు కూసొని, తాళం వేసిన తలుపుతోని అంటుంటడు —

"పాడు... పాడు రాహేలూ..."