చీటీలో లేని సినిమా

"అత్తయ్యా, కోప్పడనంటే ఒక మాట చెప్తాను," అంది కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి.

కోడలు ఇలా మొదలుపెట్టిందంటే పని అప్పటికే అయిపోయిందని అమ్మకి తెలుసు. కిందటిసారి ఇలాగే మొదలుపెట్టింది. తీరా చూస్తే పాత బీరువా ఇంట్లో లేదు.

"చెప్పు."

"వదినని పిలిచాను. ఆదివారం కదా, అందరం కలిసి సినిమా పేర్ల ఆట ఆడుకుందాం రమ్మన్నాను. వస్తానంది... ఇంకో పావుగంటలో!"

అమ్మ చేతిలో కత్తి ఉల్లిపాయ మధ్యలో ఆగిపోయింది. పదకొండు నెలలు! కన్నకూతురు, ఇంటికి పెద్దది, ఈ గడప తొక్కి పదకొండు నెలలు! ఫోన్ చేస్తే కట్ చేసింది. కొడుకు చేత కబురు పంపితే "నాకు అమ్మతో మాటల్లేవు" అని తిప్పి పంపింది. ఇప్పుడు ఆట ఆడటానికి వస్తోందా? కళ్ళు మంటెత్తాయి. నెపానికి చేతిలో ఉల్లిపాయ ఉండనే ఉంది. కళ్ళజోడు తీసి గట్టుమీద పెట్టి, భుజంతో కళ్ళు తుడుచుకుంది.

తప్పు ఎవరిదో అమ్మకి తెలుసు. ఆ రోజు పెద్దది చెంపమీద వేలిముద్రలతో, ఒక్క సంచీతో వచ్చి, "ఇంక ఆ ఇంటికి వెళ్ళనమ్మా," అంది. అమ్మ రాత్రంతా కూతురి తల నిమిరింది. తెల్లారాక మాత్రం ఎవరికీ చెప్పకుండా బయల్దేరి అల్లుడి ఇంటికి వెళ్ళింది. వాళ్ళ హాల్లో నిలబడి, చేతులు జోడించి, "పిల్లదే తప్పు చేసింది బాబూ, పెద్దమనసు చేసుకోండి," అంది! కాపురం నిలబడితే చాలనుకుంది, పిచ్చితల్లి! ఆ మాట సాయంత్రానికల్లా పెద్దదాని చెవిన పడింది. "దెబ్బ తిన్నది నేను... తప్పు కూడా నాదేనని నువ్వే చెప్పొచ్చావా?" అని ఒక్క ప్రశ్న అడిగి, విప్పని సంచీ అలాగే పట్టుకుని వెళ్ళిపోయింది. ఊరవతల ఒక గది అద్దెకి తీసుకుంది.

పెద్దది బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే గొంతు దానిదే. ఊరందరూ వినే ఆ గొంతు అమ్మకి మాత్రం కరువైపోయింది. అందుకే అమ్మ ఒక పని చేస్తోంది. ఎవరికీ తెలియదనుకుంటున్న పని. ప్రతి బుధవారం మధ్యాహ్నం బజారుకని చెప్పి, బస్టాండుకి వెళ్ళి, నాలుగో ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక గంట కూర్చుంటుంది. ఏ బస్సూ ఎక్కదు. మరమగ్గాల మిల్లులో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన చెవులు... మామూలు మాటలే సగం వినపడవు. లౌడ్‌స్పీకరు మాత్రం బాగా వినపడుతుంది.

బెల్లు మోగింది.

పెద్దది చిక్కిపోయింది. జుట్టు కురచగా కత్తిరించుకుంది. అమ్మని చూసి, చూడనట్టు ఫ్యానుని చూసింది.

"తమ్ముడూ, మంచినీళ్ళున్నాయా?"

"ఒరేయ్, ఫ్రిజ్‌లో ఉన్నాయని చెప్పు," అంది అమ్మ, మూడడుగుల దూరం నుంచి.

"ఫ్రిజ్‌లో ఉన్నాయటక్కా," అన్నాడు కొడుకు నిట్టూరుస్తూ. "నాకు జీతమిస్తారా మీరిద్దరూ? పోస్టుమాన్‌కి కూడా ఆదివారం సెలవే."

పక్కవాటా నర్సు కూడా వచ్చింది. అంపైరు ఆవిడే. కోడలు కాగితం ముక్కల మీద పేర్లు రాసి, స్టీలు గిన్నెలో వేసి, గిలకరించి జట్లు తీసింది. ఒక జట్టు కొడుకూ కోడలూ. రెండో జట్టు అమ్మా పెద్దదీ! గిన్నె గిలకరించింది తనే కాబట్టి ఎవరి కళ్ళలోకీ చూడకుండా, "అంతా చీటీల మహిమ," అంది కోడలు.

"రూల్సు వినండి," అంది నర్సు, ఫోన్‌లో టైమర్ పెడుతూ. "రెండు నిమిషాలు. యాక్టు చేసేవాళ్ళు నోరు మెదపకూడదు. మాట్లాడితే అవుట్."

"మాట్లాడకుండా ఉండటమైతే వాళ్ళిద్దరికీ మంచి ప్రాక్టీసే," అన్నాడు కొడుకు. తల్లీ అక్కా ఒకేసారి చూసిన చూపుకి సోఫాలో రెండంగుళాలు కుంగిపోయాడు.

మొదట వాడే లేచాడు. తలమీద తువ్వాలు కప్పుకుని, నడుం వంచి, మణికట్టు చూపిస్తూ గడగడా వణికిపోయాడు. "ఫిట్సా?" అంది నర్సు, అలవాటు కొద్దీ కంగారుగా లేచి. కోడలు "చలిజ్వరం"తో మొదలుపెట్టి "ముసలి దయ్యం" దాకా వెళ్ళింది. అంతలో టైమైపోయింది. "అత్తగారి అలారం గడియారమే!" అని నెత్తి కొట్టుకున్నాడు కొడుకు. "ఆ సినిమాకి నిన్ను నేనే తీసుకెళ్ళాను కదే!"

తరవాత పెద్దది. సినిమా పేరున్న చీటీ చూసి మడిచింది. ఎదురుగా ఉన్నది అమ్మ... ఆమెకి చెప్పక తప్పదు. ఒక్క క్షణం తటపటాయించి, గడ్డం కింద మూడు వేళ్ళు ఆనించింది. అరచెయ్యి గాలిలో మెట్టు మెట్టుగా దించింది. బుగ్గ మీద గీతలు గీసింది.

"మూడో మెట్టు మీద పిల్లి," అంది అమ్మ. "నర్సమ్మా, రాసుకో."

"పదకొండు సెకన్లు!" నర్సు నోరు తెరిచింది.

"ఇది చీటింగ్!" అని లేచింది కోడలు. "గడ్డం కింద వేళ్ళు పెడితే అంకె అని ఎవరికి తెలుస్తుంది?"

"మిల్లు భాష," అన్నాడు కొడుకు. నూరు మగ్గాల మోతలో మనిషి అరుపు మనిషికి వినపడదు. అందుకని ఆడవాళ్ళందరూ చేతులతో మాట్లాడుకునేవారు. నీళ్ళు, అన్నం బెల్లు, మేస్త్రీ వస్తున్నాడు జాగ్రత్త, నీ మొగుడు గేటు దగ్గరున్నాడు... అన్నీ చేతులతోనే! పెద్దది చిన్నప్పుడు బడి అయ్యాక మిల్లు కిటికీ చువ్వలు పట్టుకుని అమ్మ కోసం నిలబడేది. నిలబడి నిలబడి ఆ భాషంతా నేర్చేసుకుంది.

పెద్దదాని పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే మళ్ళీ ఫ్యానుని చూసింది.

"ఇప్పుడు పిన్నిగారు!" అంది నర్సు.

అమ్మ గిన్నెలో చెయ్యి పెట్టి చీటీ తీసింది. దానికేసి ఒకసారి చూసింది. గుప్పిట్లో పెట్టుకుని గది మధ్యకి వచ్చి నిలబడింది. గుండె మగ్గంలా కొట్టుకుంటోంది... రెండు నిమిషాలు! ఈ రెండు నిమిషాలూ పెద్దది తనని చూసి తీరాలి. ఫోన్‌లా కట్ చెయ్యడానికి లేదు. లేచి వెళ్ళడానికి లేదు. ఆట రూలు! పదకొండు నెలలుగా గొంతులో అడ్డం పడిన మాట ఈ జన్మలో నోటితో రాదని అమ్మకి తెలిసిపోయింది. కానీ ఇక్కడ నోటితో పనేముంది?

అమ్మ రెండు వేళ్ళు కత్తెరలా చేసి, తన ఎడమ మణికట్టు మీద అడ్డంగా లాగింది. తరవాత అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"తెగింది... ప్రేమ... తెగిన గుండె?" అన్నాడు కొడుకు ఆగలేక.

"నువ్వు అవతలి జట్టురా!" అని గదిమింది నర్సు.

పెద్దది మాత్రం కొయ్యబారిపోయింది.

ఆ సైగ ఆమెకి తెలుసు. ఒక్కో మగ్గానికి ఇద్దరు ఆడవాళ్ళు. పోగు తెగి గుడ్డ పాడైతే మేస్త్రీ వచ్చి ఇద్దరినీ తిట్టేవాడు. అందుకని మిల్లులో ఒక కట్టుబాటు. ఎవరి చేతిలో తెగిందో వాళ్ళు, మేస్త్రీ అడక్కముందే, అందరికీ కనపడేలా ఆ సైగ చెయ్యాలి. తెగింది నా చేతిలో... పక్కదాన్ని ఏమీ అనకండి! ఇరవై ఆరేళ్ళలో అమ్మ ఏనాడూ తన తప్పు పక్కదాని మీదికి తొయ్యలేదు. ఆ ఒక్కరోజు తప్ప. కన్నకూతురి విషయంలో తప్ప!

అమ్మ మళ్ళీ చేసింది. కత్తెర, మణికట్టు, గుండె. మళ్ళీ... మళ్ళీ... చెంపల మీద నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు! నోరు మాత్రం మెదపలేదు.

"ఇంకా ఇరవై సెకన్లే," అంది నర్సు, గొంతు తగ్గించి.

పెద్దది సోఫా అంచుకి జరిగింది. కుడిచెయ్యి పైకి లేచింది... ఆగింది. మెల్లగా బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి చుట్టి, మెలిపెట్టింది.

ముడి వెయ్యి. మగ్గం నడిపించు.

మిల్లులో ఆ సైగకి బదులు అదే. ముడి ఉన్నచోట గుడ్డ కాస్త ఎత్తుగా ఉంటుంది, చేత్తో తడిమితే ఎప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. అయినా సరే, మగ్గం ఆగదు.

ఫోను కీచుమంది. "టైమ్!" అంది నర్సు. ఆవిడ కళ్ళు కూడా ఎందుకో తడిగా ఉన్నాయి. "ఈసారి మార్కులు సున్నా. ఇంతకీ ఏ సినిమా పిన్నిగారూ?"

"ఏమోనమ్మా," అంది అమ్మ ముక్కు ఎగబీలుస్తూ. "కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది. చీటీలో అక్షరం కనపడితే ఒట్టు!"

అందరికంటే ముందు నవ్వింది పెద్దది! నవ్వు మధ్యలోనే ఏడ్చింది. లేచొచ్చి అమ్మ గుప్పిట విప్పి, ఆ చీటీ తీసి పక్కన పడేసి, ఆ చేతులు రెండూ పట్టుకుంది.

"వాళ్ళింట్లో ఎందుకన్నావే ఆ మాట?" అంది. పదకొండు నెలల తరవాత, మైకు లేకుండా, నేరుగా అమ్మతో!

"భయమేసిందే తల్లీ... ఒంటరిగా ఎలా బతుకుతావోనని భయం. నా భయాన్ని నీ తప్పు చేశాను."

"బతుకుతున్నానుగా."

"చూశాను..." అనబోయి నాలుక్కరుచుకుంది అమ్మ.

"తెలుసు. నాలుగో ప్లాట్‌ఫారం బెంచీ." పెద్దది కళ్ళు తుడుచుకుంది. "మేడమీద నా మైకు గది అద్దంలోంచి అన్ని బెంచీలూ కనపడతాయమ్మా. ఏ బస్సయినా రెండుసార్లే చెప్పాలని మాకు రూలు. బుధవారం మధ్యాహ్నాలు మూడోసారి కూడా చెప్తున్నాను. ఎందుకని కంట్రోలరు రెండుసార్లు అడిగాడు కూడా."

కోడలు ఫ్యానుని చూడసాగింది. ఇప్పుడు తన వంతు.

"ఆట అయిపోయినట్టేనా? మరి మేం గెలిచామా?" అన్నాడు కొడుకు.

"నీ మొహం, మీ జట్టుకి సున్నా. వాళ్ళకి ఒకటి," అంది నర్సు.

పెద్దది వంటింట్లోకి వెళ్ళి, గట్టుమీది కళ్ళజోడు తన పైటకొంగుతో తుడిచి తెచ్చి, అమ్మ ముక్కుమీద సరిగ్గా పెట్టింది. అమ్మకి కూతురి మొహం ఇప్పుడు స్పష్టంగా కనపడింది. చెంప మీద మచ్చ లేదు.

"మరి... ఈ బుధవారం?" అంది అమ్మ భయంభయంగా.

"డ్యూటీ ఉంది," అంది పెద్దది. "బెంచీ మీద కూర్చోకు. పైకి రా. నా గదిలో ఇంకో కుర్చీ ఉంది."