రాస్తారోకోలో జర్మన్

"దిగున్రి. ఇయ్యాల ఏ బండీ పోదు," అన్నాడు ప్రేమ్‌సింగ్, రఘునాథపల్లి దగ్గర జీపుకు అడ్డంగా నిలబడి.

సకల జనుల సమ్మె రోజులవి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జీపు దిగిన అమ్మాయి చూసిన చూపుకు ప్రేమ్‌సింగ్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"మా బాపు భూపాలపల్లిల బొగ్గుబాయి పని. ఆయన గూడ సమ్మెలనే ఉన్నడు. నాకు సమ్మె గురించి చెప్పకు. మధ్యాహ్నం హైదరాబాద్‌ల జర్మన్ పరీక్ష ఉన్నది. పాస్ కాకుంటే యూనివర్సిటీల సీటియ్యరు."

"జర్మన్ ఎందుకు?"

"ఎం.ఏ.ల చేరాలంటే ఒక విదేశీ భాష రావాలెనట. రూలు నేను పెట్టలే."

ఆ అమ్మాయి శోభ. రాత పరీక్షంటే ఆమెకు లెక్కలేదు, మాట్లాడే పరీక్షంటేనే హడల్. పోయినసారి ఎదుట సారును చూడగానే నోరు పెగల్లేదు. ఈసారీ తప్పితే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ప్రేమ్‌సింగ్ బైకు తీశాడు. "ఎక్కు. ఉద్యమం బండి, ఎవ్వరు ఆపరు."

అందరూ ఆపారు. ఊరూరా వంటావార్పే, ముద్ద తింటే తప్ప దారి వదలరు. దారిలో మాటల్లో ఇద్దరూ లంబాడీలేనని తేలింది, పోయినసారి నోరు పెగలని సంగతీ శోభ చెప్పేసింది. జనగామలో లచ్చవ్వ అనే పెద్దామె విస్తరి చేతిలో పెట్టి సంగతంతా అడిగింది.

"గా భాష జర మాట్లాడు బిడ్డ, ఇందాం."

జనం చుట్టూ చేరారు. శోభ విస్తరిలోకి తల దించుకుంది.

"ఇంట్ల మనం లంబాడీ మాట్లాడుతం, బడిల తెలుగు, బజార్ల హిందీ. గిది ఇంకోటి," అన్నాడు ప్రేమ్‌సింగ్ మెల్లగా. "అయినా అవ్వ తప్పులు పడుతదా?"

శోభకు నవ్వొచ్చింది. జర్మన్‌లో పేరు చెప్పింది, ఊరు చెప్పింది. చప్పట్లు మోగాయి. ఆలేరులో పప్పన్నం తింటూ బాపు పని గురించి చెప్పింది. భువనగిరిలో ఎవరూ అడక్కముందే మొదలుపెట్టింది.

బైకు మీద కూడా ఆపలేదు. ప్రేమ్‌సింగ్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు. హైదరాబాద్ ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండుననిపించింది.

పరీక్ష అయ్యాక శోభ తల వంచుకుని బయటికొచ్చింది.

"నోరు పెగల్లేదా?" అని ఎదురొచ్చాడు ప్రేమ్‌సింగ్.

"మంచిగనే పెగిలింది. పాసైనట్టే అన్నరు."

"మరి గా మొఖమేంది?"

"ఇంటోళ్ల గురించి అడిగిన్రు. పెండ్లయిందా అన్నరు."

"ఏమన్నవ్?"

"ఇంక కాలే, పిలగాడు బయట బండి కాడ ఉన్నడన్న."

ప్రేమ్‌సింగ్ బండి తాళం తీసి మళ్లీ పెట్టాడు. "జర్మన్‌ల చెప్పినవా?" అన్నాడు.

"జర్మన్‌లనే. లంబాడీల మా బాపుకు నువ్వు చెప్పాలె."