వేళ్ళు కుదిరేదాకా తెరుచుకోని ఏడో గది

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి.

సంగీతం బడిలో నేలకింద అంతస్తు. దాని చివర ఏడో గది. ఆ గది పేరెత్తితే నలభయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మాస్టార్లే మాట మార్చేసేవారు. వెనకెప్పుడో ఒక టీచరమ్మ అక్కడ పాఠం చెబుతూ చెబుతూ పియానో మీదే తల వాల్చేసిందట. అప్పట్నుంచీ... వచ్చినవాళ్ళ వేళ్ళు కుదిరేదాకా తలుపు తెరవనివ్వదట!

మా మేనకోడలు వెళ్ళింది ఆ గదికే. మిగతావేవీ ఖాళీ లేవు మరి. పొద్దున్నే పరీక్ష. రెండుసార్లు తప్పింది, ఈసారీ తప్పితే బడిలోంచి పేరు కొట్టేస్తారు. తప్పేదల్లా ఒక్కచోటే — ట్రిల్. పక్కపక్క మీటలు రెండింటినీ ఉంగరపువేలితో, చిటికెనవేలితో మార్చి మార్చి గబగబా కొట్టాలి. వింటే ముత్యాలు దొర్లినట్టుండాలి. మా పిల్ల కొడితే కుంటిమేక మెట్లెక్కినట్టుండేది.

రాత్రి తొమ్మిదైంది. ఇంటికెళ్దామని తలుపు పిడి పట్టుకు లాగితే... ఊడి చేతిలోకొచ్చింది.

అరిచింది. ఆ తలుపుకి జానెడు మందాన దూది మెత్త. మనిషి గొంతు దాటదు, పియానో మోత మాత్రం సన్నగా దాటుతుంది. వాచ్‌మన్ వింటాడని దబదబా వాయించింది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది... ఆగింది... వెళ్ళిపోయింది!

ఆ బడి కట్టుబాటది. లోపల సాధన వినబడుతుంటే ఎవరూ తలుపు ముట్టకూడదు. అది గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

అప్పుడు — గోడలోంచి ట్రిల్!

అవే రెండు మీటలు. నున్నగా... కొలిచి పోసినట్టు...

"ఎవరండీ?" అంది గుసగుసగా.

ఆగలేదు. బయట చెప్పులు మళ్ళీ వచ్చాయి... మళ్ళీ వెళ్ళాయి. తను ఆపినా అది ఆపదు. అది ఆపితేగానీ తలుపు తెరుచుకోదు. నాలుగు గోడలూ బెత్తెడు బెత్తెడు దగ్గరికి జరిగాయంటే నమ్ము!

ఏడుస్తూనే గోడతో పాటు కొట్టింది. తప్పింది. మళ్ళీ. వెయ్యిసార్లు... కాదు, పదివేలసార్లు! వేళ్ళు వాచి దొండకాయలయ్యాయి. తెల్లవారుజామున రెండు ట్రిల్లులూ కలిసిపోయి, ఏది గోడదో ఏది తనదో తెలియకుండా పోయింది.

గోడ ఆగింది. తనూ ఆగింది.

తలుపు తెరుచుకుంది.

"ఏం సాధనమ్మా!" ఆవులించాడు వాచ్‌మన్. కొత్తవాడు, చేరి నెల కూడా కాలేదు. "రాత్రంతా ఒక్క క్షణం ఆగలేదు. పాపం, పెద్దావిడని అంతసేపు కూర్చోబెట్టావేం?"

"ఏ పెద్దావిడ, బాబాయ్?"

"భలేదానివే. తలుపు తియ్యగానే నీకంటే ముందు బయటికొచ్చిందిగా! 'హమ్మయ్య, ఇన్నేళ్ళకి నన్ను వదిలారు' అని గొణుక్కుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది..."

పరీక్ష నెగ్గిందిలే మా పిల్ల. ఆవిడ ఎటు వెళ్ళిందో మాత్రం ఈనాటికీ ఎవరికీ తెలీదు.

ఇక లేవవే తల్లీ, వంటింట్లో నా మాత్రల డబ్బా ఉంది, తెచ్చిపెట్టు. అక్కడ లైటు పోయి వారమైంది... తడుముకుంటూ వెళ్ళు.