అన్నీ ఇంపార్టెంటే

మూడో రకం హెల్మెట్లలో ఒకదాంట్లోంచి గురక వినిపించింది. డాక్టర్ విశాలి గడియారం చూసి నవ్వింది.

“నాలుగు నిమిషాలు! మీ పద్ధతికి అదీ ఆయుష్షు మాస్టారూ.”

“నువ్వు మూడో నిమిషానికే పడుకునేదానివి కదమ్మా,” అన్నారు భూషణరావు గారు, ఏమాత్రం తొణక్కుండా.

కాకినాడలోని ఆ లా కాలేజీలో ముప్ఫై ఏళ్లుగా కాంట్రాక్టు చట్టం నోట్సు చెప్పి రాయిస్తున్నది ఆయనే. ఆ క్లాసు భరించలేక సైన్సుకి పారిపోయిన శిష్యురాలు విశాలి. ఇప్పుడు యంత్రంతో తిరిగొచ్చింది.

యంత్రం సంగతి తేలికే. హెల్మెట్ పెట్టుకుంటే కళ్ల ముందు క్లాసు ప్రత్యక్షం. మొదటి రకంలో అమెరికా ప్రొఫెసరు: పాత తీర్పొకటి చదివించి ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పిస్తాడు, జవాబు మాత్రం చచ్చినా చెప్పడు. రెండో రకంలో జర్మనీ ప్రొఫెసరు: ఒక తగాదా ఇచ్చి, సెక్షన్లు పట్టుకుని మెట్టు మెట్టుగా విప్పిస్తాడు. మూడో రకంలో అచ్చం భూషణరావు గారే: “రాసుకోండి... కామా...” రకానికి ఇరవై మంది విద్యార్థులు. వాళ్ల మెదడు ఏ మాటకి చురుగ్గా లేస్తే యంత్రం ఆ మాట పెంచుతుంది, దేనికి కునికితే అది తగ్గిస్తుంది. నలభై రోజుల తర్వాత పరీక్ష. గెలిచిన పద్ధతికే క్లాసు. ఓడితే మాస్టారికి లైబ్రరీలో కుర్చీ.

ఫలితాలొచ్చాయి. అమెరికాకి నూటికి నూరు, జర్మనీకి తొంభై ఆరు, మాస్టారికి అరవై.

“శభాష్! ఏదీ, ఆ అమెరికా పాఠం స్పీకర్లో పెట్టమ్మా,” అన్నారు ప్రిన్సిపాల్ సుగుణాకర్ గారు.

విశాలి ధీమాగా స్విచ్ వేసింది.

“ఈ ప్రశ్న రెండేళ్లుగా రాలేదు,” అంటున్నాడు అమెరికా ప్రొఫెసరు. “ఈసారి ఖాయం. రెండు స్టార్లు పెట్టుకోండి.”

కంగారుగా జర్మనీకి మార్చింది. “ఈ సెక్షన్ వదిలెయ్యండి, అడగరు.”

భూషణరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. “ఏది ఇంపార్టెంటు సర్ అని పిల్లలు ముప్ఫై ఏళ్లు బతిమాలారు. అన్నీ ఇంపార్టెంటే అన్నాను. మీ అమెరికా ప్రొఫెసరు నలభై రోజులకే లొంగిపోయాడా తల్లీ!”

“సర్, ఇది అమెరికా పద్ధతి కాదు,” అంది విశాలి ప్రిన్సిపాల్‌తో. “మన పిల్లలే ఆయన్ని మార్చేశారు.”

“నూటికి నూరు వచ్చాక ఏ దేశానిదైతే మనకేంటమ్మా?” అని ఆయన సంతకం పెట్టేశారు.

వారం తర్వాత విశాలి క్షమాపణ చెప్పుకుందామని లైబ్రరీకి వెళ్లింది. మాస్టారు మూడో రకం హెల్మెట్ పెట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నారు. అప్పటికిగాని ఆమెకి వెలగలేదు: నోట్సుకి నిద్రపోయిన పిల్లలు, ఆ క్లాసులో ఎవరైనా లేచి సందేహం అడిగినప్పుడే మేలుకునేవారు. యంత్రం నోట్సంతా తీసేసి, హెల్మెట్లోని మాస్టారి నోట సందేహాలే మిగిల్చింది.

“మాస్టారూ...”

“ఉండమ్మా, పొద్దుట్నుంచీ ఒక్క ప్రశ్నకి జవాబు తట్టట్లేదు.”

“అడిగిందెవరు?”

“నేనే!”