గోడ అవతలి మెచ్చుకోలు

ఆ సంగీత పాఠశాల మేడ మీద చివరి గదికి మొదటినుంచీ చెడ్డపేరే. రాత్రిపూట అక్కడ వాయిస్తే, తాళం వేసిన పక్కగదిలోంచి ఎవరో వంతపాడతారట. ఒకాయన చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తాడని చెప్పుకుంటారు.

అందుకే అది ఎప్పుడూ ఖాళీ. అందుకే మన వయొలిన్ పిల్ల దాన్నే అడిగి తీసుకుంది. మర్నాడే పెద్ద వాద్యబృందంలోకి ఎంపిక. ఆ ఒక్క చోటు కోసం ఆమె వదులుకోనిది లేదు. స్నేహితులు పిలిచి పిలిచి మానేశారు. అక్క కొడుకు పాకడం మొదలుపెట్టాడు, వాడి మొహమైనా చూడలేదు.

"ఒక్కసారి వచ్చి వాడికి వాయించవే," అని అక్క ఫోన్లో బతిమాలింది. "తప్పులొచ్చినా పర్లేదు, వినేది మేమేగా."

ఎంపిక కానీ చూద్దాంలే అని పెట్టేసింది. ఆ తర్వాత అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తనే లేదు.

ఇంత చేసినా ఒక్క ముక్క మాత్రం లొంగలేదు. పైకి ఎక్కే నాలుగు స్వరాలు... చివరిది ప్రతిసారీ వెంట్రుకవాసి కిందికి జారుతుంది.

ఆ రాత్రి మొదటి స్వరం వాయించి కమాను ఎత్తగానే — గోడ అవతల... హుమ్మ్...

రెండోది వాయించింది. హుమ్మ్... మూడోదానికీ అంతే. నాలుగోదానికి మాత్రం — ఏమీ లేదు.

ఇంకొకరైతే చెప్పులు వదిలేసేవారు. ఈమెకి భయం కంటే ముందు కోపం వచ్చింది. గురువు మెచ్చడు సరే, దెయ్యం కూడా మెచ్చదా? పళ్ళు బిగించి వాయించింది, ఏడుస్తూ వాయించింది. చివరికి నాలుగోదానికీ వచ్చింది... హుమ్మ్.

ఇక ఆగలేక, కాపలాదారుని లేపి తాళంచెవి తెచ్చి పక్కగది తెరిచింది. లోపల మూత ఊడిన పాత పియానో. దాని పెడల్ మీద ఎవరో పెట్టి మరిచిపోయిన ఇటుక. పెడల్ నొక్కి ఉంటే తీగలకు అడ్డుండదు. శ్రుతి కలిసిన స్వరం వినిపిస్తే వాటంతటవే మోగుతాయి. తప్పు స్వరానికి మోగవు. ఇంతోటి దెయ్యం.

"నీ మొహం మండ," అని నవ్వి ఇటుక తీసేసింది. తీగలన్నీ నోరు మూసుకున్నాయి. ఇటుక చేత్తో పట్టుకునే తన గదికి వచ్చి, దాన్ని కాళ్ళ దగ్గర పడేసి కుర్చీలో కూలబడింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇన్నేళ్ళ కష్టానికి భేష్ అన్నది ఒక విరిగిన చెక్కపెట్టె. ఒళ్ళు మండిపోయింది. ఆ విసుగులోనే, చిన్నప్పుడు అక్కా తనూ పాడుకున్న పాట ఏదో అందుకుంది. అలసిన వేళ్ళు జారాయి... స్వరం ఘోరంగా తప్పింది.

గోడ అవతల... హుమ్మ్...

కాళ్ళ దగ్గర ఇటుక అలాగే ఉంది.

వీధిలోకి వచ్చి పడేదాకా తనకి చెప్పులు లేవని తెలీలేదు. అక్క నంబరు నొక్కింది.

"అక్కా... రేపు సాయంత్రం వస్తాను. వాడికి వాయిస్తాను... తప్పులతోనే."

"రావే తల్లీ," అంది అక్క. "అది సరే... నీ పక్కన మన పాట కూనిరాగం తీస్తున్నది ఎవరే?"